ఊరికీ వాడకీ మధ్య ఎన్ని కిలోమీటర్లు?

మైదాన ప్రాంతంలో 5000 మందికి ఒక సబ్ సెంటరు. కొండ ప్రాంతాల్లో, ఆదివాసీ గూడేల్లో 3000 మందికి ఒకటి. 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం. ఈ దేశంలో ప్రాథమిక ఆరోగ్య వ్యవస్థను సంస్కరించాలని మాట్లాడేవాళ్లు ఈ లెక్కతోనే మొదలుపెడతారు. కేంద్రాలు చాలవని ఒకరంటారు. ఉన్నవాటిలో డాక్టర్లు లేరు, మందుల్లేవని ఇంకొకరంటారు. డబ్బు చాలదని అందరూ అంటారు. ఇవన్నీ నిజాలే, కాదని మేం అనడం లేదు. కానీ వీటన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ 5000 మందిలో వాడ కూడా ఉంది గదా, మరి సబ్ సెంటరు ఊళ్లో ఏ వీధిలో ఉంది?

మాలో ఒకరు పుట్టి పెరిగిన ఊళ్లో సబ్ సెంటరు ఉండేది. సొంత బిల్డింగు లేదు. ఒక పెద్దరైతు ఇంటి ముందుగదిని అద్దెకు తీసుకున్నారు. మాదిగపల్లె నుంచి నడిస్తే పది నిమిషాలు. సర్కారు లెక్కలో అదసలు దూరమే కాదు. కానీ ఆ ఇంటి గడప దాటి మా ఆడవాళ్లు ఎన్నడూ లోపలికి పోలేదు. అరుగు కింద నిలబడేవాళ్లు. సిస్టరమ్మ మాత్రలు కాగితంలో పొట్లం కట్టి అరుగు చివర పెట్టేది. పిల్లలకు టీకాలు వెయ్యాలంటే ముట్టుకోక తప్పదు గనక అవి వాకిట్లో, ఊరివాళ్ల పిల్లలందరికీ అయిపోయాక. కడుపుతో ఉన్న మనిషిని పడుకోబెట్టి పొట్ట చూడడానికి లోపల బల్ల ఉంది. ఆ బల్ల మీద వాడ మనిషి పడుకున్నట్టు ఎవరికీ గుర్తు లేదు. రిజిస్టరులో మాత్రం పరీక్షలన్నీ జరిగినట్టే రాసుంటుంది.

దీనికి సిస్టరమ్మనొక్కదాన్నే తిట్టి లాభం లేదు. ఆమె చెడ్డమనిషి కాదు, జీతం రాక మూడేసి నెలలు తిప్పలు పడ్డ మనిషి. ఆ గదిని అద్దెకు తీసుకున్న రోజే సర్కారు ఆ ఇంటి మైల పట్టింపుల్ని కూడా అద్దెకు తీసుకుంది. మేం అంటున్నది అదీ.

ఇది ఒక్క ఊరి ముచ్చటే అనేవాళ్లుంటారు. వాళ్లకోసం ఒక లెక్క. 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్లో అంటరానితనం మీద జరిగిన సర్వేని ఘన్‌శ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరట్, సతీశ్ దేశ్‌పాండే, అమితా బావిస్కర్ 2006లో పుస్తకంగా తెచ్చారు. ఆ రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 33 శాతం గ్రామాల్లో ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలు దళితుల ఇళ్లలోకి అడుగుపెట్టడం లేదని అందులో తేలింది. అంటే మూడూళ్లలో ఒక ఊరు. ఆ తర్వాత గుజరాత్, రాజస్థాన్ గ్రామాల్లో దళిత పిల్లలకు వైద్యం ఎట్లా అందుతుందో సంఘమిత్ర ఆచార్య పరిశీలించారు. మందు చేతికివ్వడం దగ్గరా, ఒంటి మీద చెయ్యి వెయ్యడం దగ్గరా వివక్ష ఎట్లా పనిచేస్తుందో ఆమె విడివిడిగా చూపించారు. మా అరుగు చివరి పొట్లం అక్కడా ఉంది.

ఇది ప్రాథమిక ఆరోగ్యానికే ఎందుకు ప్రాణాంతకం? పెద్దాసుపత్రిలో మిషన్లు ముట్టుకుంటాయి. ఇక్కడ మనిషి చెయ్యి మనిషిని ముట్టుకోవాలి. నాడి పట్టాలి, పొట్ట చూడాలి, బిడ్డను ఎత్తుకుని తూచాలి, బాలింత ఇంట్లోకి పోయి కూర్చోవాలి, తాగేనీళ్ల కుండలోకి తొంగిచూడాలి. ప్రాథమిక ఆరోగ్యమంటేనే తాకడం. తాకడం నేరమైన ఊళ్లో ఆ వ్యవస్థను కట్టేటప్పుడు ఆ సంగతి ప్లానులోనే ఉండాలి గదా. ఉందా?

పత్రాలు తిరగేద్దాం. 1943లో వేసిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. డబ్బు లేదన్న కారణంతో ఏ ఒక్కరికీ వైద్యం అందకుండా పోకూడదన్నది దాని సూత్రం. దీర్ఘకాలిక పథకంలో 10,000 నుంచి 20,000 మందికి ఒక ప్రాథమిక యూనిట్, అందులో 75 మంచాల ఆసుపత్రి. ఇవాళ చదివినా ఆశ్చర్యమేస్తుంది. ప్రజారోగ్య ఉద్యమ మిత్రులకు, ముఖ్యంగా వామపక్ష మిత్రులకు, ఆ నివేదిక ఒక గీటురాయి. ఏ చర్చ మొదలైనా భోర్‌ని అమలుచేస్తే చాలంటారు. మాకూ ఆ నివేదిక మీద గౌరవం ఉంది. కాకపోతే అది చూసిన అడ్డుగోడ ఒక్కటే, ధర. ధర తీసేస్తే వైద్యం అందరిదీ అయిపోతుందని నమ్మింది.

భోర్ కమిటీ వెయ్యడానికి 16 ఏళ్ల ముందే ఆ నమ్మకం తప్పని మహద్‌లో రుజువైంది. 1923లోనే బొంబాయి శాసనమండలి ప్రభుత్వ చెరువులు, బావులు అంటరానివాళ్లకు తెరవాలని తీర్మానించింది. మహద్ మునిసిపాలిటీ చవదార్ చెరువును తెరుస్తున్నట్టు తనూ తీర్మానం చేసింది. నీళ్లు ఊరికే వచ్చేవే. కాగితం మీద అందరివీ. అయినా ఒక్కరూ తాగలేకపోయారు. 1927 మార్చి 20న అంబేడ్కర్ జనాన్ని వెంటబెట్టుకుని పోయి దోసిలి పట్టాల్సి వచ్చింది, ఆ తర్వాత తలలు పగలగొట్టించుకోవాల్సి వచ్చింది. ఊరికే ఇచ్చినంతమాత్రాన, అందరిదీ అని రాసినంతమాత్రాన ఏదీ మనదాకా రాదని తెలియడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? యూనిట్ కొలతలు వేసినప్పుడు కమిటీ పెద్దలు జనాభాను లెక్కించారు, మంచాల్ని లెక్కించారు, సిబ్బందిని లెక్కించారు. ఊరు రెండుగా ఉందన్నది ఆ కొలతల్లోకి రాలేదు.

మాట నీళ్ల మీదికి వచ్చింది గనక ఇంకొంచెం ఆగుతాం. 1978 సెప్టెంబరులో అల్మా అటాలో ప్రపంచ దేశాలు కలిసి 2000 నాటికి అందరికీ ఆరోగ్యం అన్నాయి. ప్రాథమిక ఆరోగ్యమంటే ఏమేంటో రాసిన జాబితాలో మంచినీళ్లు ముందు వరుసలోనే ఉన్నాయి. ఆ లక్ష్యాన్ని మన దేశం 1983 జాతీయ ఆరోగ్య విధానంలో నెత్తికెత్తుకుంది. సరిగ్గా రెండేళ్లకు, 1985 జులై 17న, కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. ముందురోజు గొడవ ఎక్కడ మొదలైంది? మాదిగలు తాగేనీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర. బర్రెల కుడితి బకెట్టు ఆ నీళ్లలో కడగొద్దని ఒక ఆడమనిషి అడ్డం చెప్పినచోట. కారంచేడును మనం అత్యాచారంగా చదివాం, భూమి సమస్యగా చదివాం, కుల దురహంకారంగా చదివాం. అన్నీ సరైన చదువులే. కానీ ఆరోగ్యం గురించి రాసిన చర్చల్లో కారంచేడు పేరు మాకు కనపడదు. పిల్లలకు విరేచనాలు రాకూడదని ఆ తల్లి చేసిన పని అల్మా అటా జాబితాలో ఉన్నదే. ఆ పనికి ఆరు ప్రాణాలు పోయాయి. ఆ పత్రాలు రాసేవాళ్లకు ఇది లా అండ్ ఆర్డర్ సమస్య, హోం శాఖ ఫైలు. ఆరోగ్య శాఖ ఫైలు వేరే బీరువాలో ఉంటుంది.

సర్కారుకు వాడ సంగతి అసలు తెలియదా అంటే, తెలుసు. కనీసావసరాల కార్యక్రమం కింద కేంద్రం రాష్ట్రాలకు ఒక సూచన పంపింది. ప్రతి ఏడాదీ కొత్తగా పెట్టే సబ్ సెంటర్లలో కనీసం 15 శాతం ఎస్సీ బస్తీల్లో, లేదా 20 శాతం అంతకుమించి ఎస్సీలున్న గ్రామాల్లో పెట్టాలన్నది దాని సారాంశం. చదవగానే సంతోషమేస్తుంది. రెండోసారి చదివితే ‘లేదా’ కనపడుతుంది. మొత్తం కిటుకు ఆ ‘లేదా’లో ఉంది. 20 శాతం ఎస్సీలున్న ఊరంటే 80 శాతం ఎస్సీలు కాని ఊరు. అక్కడ సబ్ సెంటరు పంచాయతీ ఆఫీసు పక్కన కట్టినా, గుడి వెనక కట్టినా, పెద్దరైతు ముందుగదిలో పెట్టినా ఎస్సీల కోటా కింద జమే. స్పెషల్ కాంపొనెంట్ ప్లానులో డబ్బు కూడా మన పద్దులోనే రాసుకోవచ్చు. భవనం ఊరిది, ఖాతా వాడది. ఆ రెండక్షరాలు తీసేసి ‘ఎస్సీ బస్తీల్లో’ అని ఆపితే ఏమయ్యేది? ఊరివాళ్లు సూది మందుకోసం వాడకు రావాల్సొచ్చేది. అది ఊహించడానికే ఇష్టపడని వాళ్లు ‘లేదా’ రాశారు.

వాడకు సర్కారు వైద్యం ఎన్నడూ రాలేదని మేం అనం. వచ్చింది, కుటుంబ నియంత్రణ జీపులో. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో, దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. టార్గెట్ల పద్ధతి 1996 దాకా సాగింది. జ్వరానికి రాని మనిషి ఆపరేషనుకు పేరు రాసుకోడానికి వస్తే జనానికి ఆ మనిషి మీద నమ్మకం ఎట్లా కుదురుతుంది? తెలుగు ఊళ్లలో ఆరెంపీ డాక్టరు ఎందుకు నిలబడ్డాడో ఇక్కడే చూడాలి. సూదికి డబ్బులు తీసుకుంటాడు, అవసరం లేని సెలైన్లు పెడతాడు, నిజమే. కానీ మోటారు సైకిలు వేసుకుని రాత్రి పదింటికి వాడలోకి వస్తాడు, మంచం మీద కూర్చుంటాడు, చెయ్యి పట్టుకుని చూస్తాడు. సంస్కరణ పత్రాలు అతన్ని నాటు వైద్యుడని తీసిపారేస్తాయి. జనం అతనికిచ్చే డబ్బులో కొంత సూదికి, కొంత ఆ ముట్టుకున్నందుకు. మేం ఆరెంపీలను వెనకేసుకు రావడం లేదు. సర్కారు ఖాళీగా వదిలేసిన చోటును చూపిస్తున్నాం.

మంత్రసాని సంగతి ఇంతకన్నా చేదుగా ఉంటుంది. మన చాలా ఊళ్లలో పురుడు పోసింది మాదిగ, మాల, మంగలి, చాకలి ఆడవాళ్లు. నెత్తురు, మాయ, మైల గనక అది వాళ్ల పని అయింది. అగ్రకులాల బిడ్డల్ని మొదట తాకిన చేతులు అవే. పదకొండో రోజు పురుడు కడిగితే ఆ చేతులు మళ్లీ అంటరానివే. భోర్ కమిటీ తన కేంద్రాల్లో శిక్షణ పొందిన మంత్రసానులకు చోటిచ్చింది. తర్వాత దశాబ్దాల తరబడి దాయి శిక్షణలు నడిచాయి. శుభ్రమైన చేతులు, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారం అంటూ పాఠం చెప్పి, ఒక కిట్టు చేతికిచ్చి పంపారు. జీతం లేదు, పోస్టు లేదు. ఊరంతా మురికివాళ్లన్న మనుషులకు శుభ్రత పాఠం చెప్పినవాళ్లు ఊరికి మాత్రం ఏ పాఠమూ చెప్పలేదు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్, జననీ సురక్ష యోజన వచ్చాయి. కాన్పు ఆసుపత్రిలోనే జరగాలన్నారు. తల్లుల ప్రాణాలు నిలబడ్డాయి గనక దాన్ని మేం తప్పుపట్టం. కానీ తరతరాలుగా ఆ పని చేసిన మనిషిని ఏంచేశారు? ఆమె స్థానంలో ఆశ వచ్చింది. 1000 మందికి ఒకరు, ఎనిమిదో తరగతి చదివుండాలి. మంత్రసాని ఎన్నో తరగతి చదివింది? ఆమెకు పోస్టూ రాలేదు, పింఛనూ రాలేదు. నైపుణ్యం మనది అయినప్పుడు మైల పని. దానికి డబ్బు, గుర్తింపు వచ్చేసరికి సర్టిఫికెట్ అడిగారు.

పోనీ ఆశకైనా ఉద్యోగం ఇచ్చారా? ఇవ్వలేదు. ఆమె స్వచ్ఛంద కార్యకర్త. 1977 అక్టోబరు 2న మొదలైన కమ్యూనిటీ హెల్త్ వర్కర్ పథకంలో నెలకు 50 రూపాయల గౌరవవేతనం అన్నారు. 2005లో ఆ గౌరవం కూడా తీసేసి పనికింత అని కూలి కట్టారు. రోజువారీ పనులకిచ్చే ప్రోత్సాహకాన్ని కేంద్రం 2018 అక్టోబరు నుంచి నెలకు 1000 నుంచి 2000 చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 10,000 అన్నారు. అది రాష్ట్రం దయ, హక్కు కాదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశలకు అవార్డు ఇచ్చింది. దాదాపు పది లక్షల మంది ఆడవాళ్లు చేసే పనిని పోస్టు అనకుండా సేవ అంటే ఏమవుతుంది? పోస్టు కాదు గనక రోస్టరు లేదు. రోస్టరు లేదు గనక రిజర్వేషన్ లేదు. బలహీన వర్గాలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలని మార్గదర్శకాల్లో ఒక వాక్యం మాత్రం ఉంది. వాక్యం మీద కోర్టుకు పోలేం గదా. అటు ఆసుపత్రుల్లో మనవాళ్లకు దొరికిన నాలుగో తరగతి ఉద్యోగాలు, ఊడ్చే పనీ ఆయా పనీ, కాంట్రాక్టరు చేతికి పోయాయి. సంస్కరణ అన్న మాట వినగానే వాడ భయపడితే అందులో అజ్ఞానం ఏమీ లేదు.

1993లో ప్రపంచబ్యాంకు ఆరోగ్యంలో పెట్టుబడి అన్న నివేదిక తెచ్చింది. ఆ తర్వాత ఏం జరిగిందో పాఠకులకు తెలుసు, మళ్లీ చెప్పం. ఆరోగ్యశ్రీ గురించి మాత్రం ఒక మాట. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. గుండె ఆపరేషన్ చేయించుకుని బతికొచ్చిన వాడ మనుషులు మాకు తెలుసు, వాళ్ల ముందు నిలబడి ఆ పథకం దండగ అనే ధైర్యం మాకు లేదు. కానీ బీపీ మాత్ర ఊళ్లో దొరక్క గుండె దాకా తెచ్చుకున్న మనిషికి హైదరాబాదులో గుండె ఆపరేషన్ ఫ్రీ అనడంలో తలకిందుల లెక్క ఉంది. అదే లెక్క ఆడవాళ్ల ఒంటి మీద కనపడుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. తెల్లబట్ట అయితే, నడుం నొప్పంటే చూసే మనిషి సబ్ సెంటర్లో ఉండి, లోపలి బల్ల మీద పడుకోబెట్టి చూస్తే, ఇన్ని గర్భసంచులు టౌను నర్సింగ్ హోముల పాలయ్యేవా? 2019-21 సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 97 శాతం ఆసుపత్రుల్లోనే. 60.7 శాతం కడుపుకోతలు.

చివరికి 2017 విధానం. ఇందులో కులం అన్న మాట ఉంది. సమత అన్న సూత్రం కింద లింగం, పేదరికం, వైకల్యం పక్కన దాన్నీ చేర్చారు. సంతోషం. కానీ లక్ష్యాల దగ్గరికి వచ్చేసరికి, శిశుమరణాలు ఇంత, మాతృమరణాలు ఇంత, ఆయుర్దాయం 2025 కల్లా 70 ఏళ్లు, అన్నీ సగటులే. 2015-16 సర్వే చూడండి: పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో అయిదేళ్లలోపు పోయేవాళ్లు ఎస్సీల్లో దాదాపు 56, ఇతరుల్లో దాదాపు 39. సగటు తగ్గినంతమాత్రాన ఈ ఎడం తగ్గక్కర్లేదు. పైగా ఎస్సీ అనే ఒక్క గడిలో మాల, మాదిగ, రెల్లి, డక్కలి అందరినీ కుక్కారు. ఆ గడి లోపల ఎవరి పిల్లలు ఎక్కువ పోతున్నారో మనమే అడగలేదు.

2018లో కొత్త హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లలో మొదటిదాన్ని ప్రధానమంత్రి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా జాంగ్లాలో ప్రారంభించారు. రోజు ఏప్రిల్ 14. పాత సబ్ సెంటర్లకు, ఆరోగ్య కేంద్రాలకు రంగులేసి, పనులు పెంచి 2022 డిసెంబరుకల్లా లక్షా యాభై వేలు చేస్తామన్నారు. చక్కెర జబ్బు, బీపీ పరీక్షలు ఊళ్లోకి రావడం మంచిదే. అయితే ఎక్కువ భాగం పాత చోట్లలోనే, అదే వీధిలో, అదే అరుగు పక్కన. 2023లో వాటి పేరు మార్చారు. ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్. మందిర్! 2006 నాటి ఆ సర్వేలోనే సగానికి పైగా ఊళ్లలో దళితులకు గుడి ప్రవేశం లేదని తేలింది. అంబేడ్కర్ జయంతినాడు తెరిచిన దానికి ఆరేళ్లు తిరక్కుండా గుడి అని పేరుపెట్టారు. పేరులో ఏముంది అంటారేమో. గుడి గడప దగ్గర ఆగిపోయిన మనిషిని అడగాలి ఆ మాట.

మన వైపు చూసుకున్నా గొప్పగా ఏం లేదు. మెడికల్ సీట్లలో రిజర్వేషన్ కోసం కొట్లాడాం, కొట్లాడాల్సిందే. ఆ సీటు తెచ్చుకున్న మన డాక్టరు వాడ సబ్ సెంటరు గురించి ఒక్క వ్యాసం రాయకపోతే మనం అడగలేదు. ఆశ సమ్మె జరుగుతుంటే అది యూనియన్ల వ్యవహారమనుకున్నాం. వాడలో పెట్టిన ఒకే ఒక్క అంగన్‌వాడీ మాలపల్లెలో ఉంటే మాదిగపల్లె పిల్లలు ఎంతమంది పోతున్నారో చూడ్డానికి మనకూ మొహమాటమే.

మేం అడిగేవి పెద్ద విషయాలు కావు. కొత్త సబ్ సెంటరు కట్టేచోట ‘లేదా’ తీసేసి వాడలో కట్టాలి, అద్దె గదులు ఇళ్లలో తీసుకోవద్దు. ఆశను పోస్టు చెయ్యాలి, రోస్టరు పెట్టాలి, బతికున్న మంత్రసానులకు పింఛను ఇవ్వాలి. ఏఎన్ఎం రిజిస్టరులో ఇంటింటి సందర్శనలు పల్లెవారీగా రాయాలి, వాటిని గ్రామసభలో చదవాలి. వైద్యం దగ్గర జరిగే అంటరానితనాన్ని 1989 చట్టం కింద కేసుగా రాయాలి. చట్టంలో చోటుంది, రాసే ఎస్సై లేడు.

ఈలోగా పాఠకులు, ముఖ్యంగా ఊళ్లకు పోయే విద్యార్థులు, టీచర్లు ఒక పని చెయ్యొచ్చు. మీ ఊరి బొమ్మ ఒక కాగితం మీద గీయండి. ఊరు, మాలపల్లె, మాదిగపల్లె, గుడి, చెరువు, బోరింగు గుర్తులు పెట్టండి. సబ్ సెంటరు, ఆశ ఇల్లు, ఆరెంపీ గది, అంగన్‌వాడీ ఎక్కడున్నాయో చూపించండి. వాడలో అయిదుగురు తల్లుల్ని కలిసి, ఆఖరి కాన్పులో లోపలి బల్ల మీద పడుకోబెట్టి చూశారా లేదా అన్న ఒక్క ప్రశ్న అడిగి రాయండి. వాళ్ల పేర్లు రాయొద్దు. మాకు పంపితే వచ్చినవన్నీ కలిపి ముందు సంచికల్లో అచ్చువేస్తాం.